దేశం కాని దేశంలో జబ్బుచేసి పోయిన మన సిపాయిని ఎలా వెతకాలి

మా ఇంట్లో దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పటం పక్కన ఒక గుండ్రటి కంచు బిళ్ళ ఉండేది. అరచెయ్యంత ఉంటుంది. దాని మీద ఒక సింహం, సింహం వెనక త్రిశూలం పట్టుకుని నిలబడ్డ ఆడమనిషి. మా అవ్వ దాన్ని సింహాలమ్మ అనేది. శుక్రవారం శుక్రవారం పసుపు రాసి కుంకుమ పెట్టేది. అవ్వ పోయాక మా అమ్మ పెట్టింది, అమ్మ పోయాక మా ఇంటావిడ. నేను పోస్టాఫీసు ఉద్యోగం నుంచి రిటైరైన ఏడాది ఇంటికి సున్నం కొట్టించడానికి గూడు ఖాళీ చేశాం. బిళ్ళ అంచున కుంకుమ పెచ్చు ఊడి, లోపల ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి. ఆ ఆడమనిషి బ్రిటానియా, బ్రిటన్ దేశానికి గుర్తుగా వేసే బొమ్మ. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సైనికుల ఇళ్ళకు బ్రిటిష్ ప్రభుత్వం పంపిన బిళ్ళ అది. ఆ బొమ్మ పక్కనే చిన్న చట్రంలో మా తాతకు అన్న అయ్యే మనిషి పేరు ఉంది. నూరేళ్ళ పాటు మేము ఆయన పేరు మీదే కుంకుమ పెడుతూ వచ్చామని మాకెవరికీ తెలియదు.

కందుకూరు దగ్గర మన్నేటి ఒడ్డున మా ఊరు. పెద్దతాత సింగరాయకొండ దాకా నడిచిపోయి రైలెక్కాడని, ఇరాక్‌లోని బస్రాలో జబ్బుచేసి పోయాడని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. మూడేళ్ళు వెతికితే ఆయన గురించి కొంత నిజం దొరికింది. మీ ఇంట్లో కూడా ‘బస్రా పోయి తిరిగి రాలేదు’, ‘రంగం (రంగూను) పోయి రాలేదు’ అనే మనిషి ఒకరు ఉంటే, నాకు పట్టిన మూడేళ్ళు మీకు పట్టకూడదని ఇది రాస్తున్నాను.

ముందు ఒక మాట. మా నాయన బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు ‘మా పెదనాయన యుద్ధంలో గుండు తగిలి పోయాడు’ అనేవాడు. ఇంట్లో మాత్రం అవ్వ గొంతు తగ్గించి ‘నెత్తురు బేదులు పట్టుకున్నాయంట’ అనేది. సిపాయి అంటే గుండు తగిలి పోవాలి, బేదులతో పోయాడంటే చిన్నతనం అని మా వాళ్ళ బాధ. ఆ బాధ వల్లే సగం సంగతులు ఎవరూ పిల్లలకు చెప్పలేదు. వెతకడం మొదలుపెట్టే ముందే మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఇది చెప్పండి: ఆ రోజుల్లో మెసపటోమియాలో (ఇప్పటి ఇరాక్), తూర్పు ఆఫ్రికాలో, తర్వాతి యుద్ధంలో బర్మాలో, గాయాలతో ఆసుపత్రికి వచ్చినవాళ్ళకంటే జబ్బుతో వచ్చినవాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువ. బాగ్దాదు గెలిచిన సైన్యాధిపతి జనరల్ మోడ్ కూడా 1917 నవంబరు 18న అదే ఊళ్ళో కలరాతో చనిపోయాడు. ఈ సంగతి చెప్పాక మా మేనత్త నోరు విప్పింది.

ఇంట్లో వెతకాల్సినవి

కంప్యూటర్ ముందు కూర్చునే ముందు ఇంట్లో ట్రంకు పెట్టెలు, అటక, దేవుడి గూడు చూడండి. కంచు బిళ్ళ ఉంటే దాదాపు 12 సెంటీమీటర్ల అడ్డం ఉంటుంది. దాని మీద మనిషి వివరాల్లో పేరు మాత్రమే ఉంటుంది, హోదా గానీ నంబరు గానీ ఉండవు. చావులో అందరూ సమానం అని అలా చేశారు. మన ఊళ్ళల్లో ఇవి కొట్లో తూకం రాళ్ళుగానూ, కుండల మీద మూతలుగానూ మారి ఉండవచ్చు. పాత సామాన్లలో గుండ్రటి బరువైన కంచు ఏది కనిపించినా తిప్పి చూడండి.

దాన్ని చింతపండుతోనూ, పీతాంబరి పొడితోనూ తోమకండి. నేను మొదట చింతపండే పట్టుకున్నాను, మా అమ్మాయి చేతిలోంచి లాక్కుంది. లోహం మీద అక్షరాలు అసలే పల్చగా ఉంటాయి, పులుపుతో తోమితే ఇంకా అరిగిపోతాయి. గోరువెచ్చని నీళ్ళలో మెత్తటి గుడ్డ ముంచి మెల్లగా కుంకుమ నానబెట్టి తీయండి. అప్పటికీ అక్షరాలు తెలియకపోతే రాత్రిపూట లైటు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చి పక్క నుంచి వాలుగా వేయండి. ఎత్తుగా ఉన్న అక్షరాలకు నీడ పడి చదవడానికి వస్తుంది. పల్చటి కాగితం పరిచి పెన్సిల్ సీసంతో అడ్డంగా రుద్దినా దిగుతుంది.

మెడల్ ఉంటే మీ అదృష్టం. మొదటి యుద్ధం మెడల్ అంచున, రూపాయి బిళ్ళకు గీతలు ఉండే చోట, సైనికుడి నంబరు, హోదా, పేరు, రెజిమెంటు చెక్కి ఉంటాయి. దాదాపు అన్ని తలుపులూ ఆ నంబరుతో తెరుచుకుంటాయి. బ్రిటిష్ వార్ మెడల్ సైనికులకు వెండిది ఇచ్చారు. కూలి పటాలాల్లో మోతకూ మట్టిపనికీ పోయినవాళ్ళకు అదే మెడల్ కంచుది ఇచ్చారు. కాబట్టి మీ దగ్గర ఉన్న బ్రిటిష్ వార్ మెడల్ కంచుదైతే మీ మనిషి తుపాకీ పట్టినవాడు కాకపోవచ్చు. అయినా ఆయన కూడా లెక్కలో ఉంటాడు, వదిలిపెట్టకండి. మా ఇంట్లో మెడల్ లేదు. వెండి కదా, కరువులో కరిగించి మా మేనత్తకు మెట్టెలు చేయించారట. ఆ మెట్టెలు ఇంకా ఉన్నాయి. ఆ మాట విన్నరోజు నాకు కోపం రాలేదు, ఏడుపు వచ్చింది.

తర్వాత ముసలివాళ్ళను అడగండి. ‘ఏ సంవత్సరంలో?’ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ‘ఏ పేరు గల సంవత్సరంలో?’ అని అడగండి. మా మేనత్తకు ఇంగ్లీషు సంవత్సరాలు రావు, కానీ తన నాయనమ్మ చెప్పిన మాట గుర్తుంది: ‘పింగళ కార్తీకంలో కబురొచ్చింది.’ నాకు తెలిసిన పింగళ 1977. మన దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు కాబట్టి ఎవరూ మరిచిపోరు. అందులోంచి అరవై తీసేస్తే 1917. ఒక్క మాటతో నాలుగేళ్ళ యుద్ధం ఒక ఏడాదికి తగ్గింది. మొదటి యుద్ధం ఆనంద నామ సంవత్సరంలో మొదలైంది. తర్వాత రాక్షస, నల, పింగళ, కాళయుక్తి. 1918లో యుద్ధం ఆగింది కాళయుక్తిలోనే. రెండో యుద్ధమైతే ప్రమాదితో మొదలై విక్రమ, వృష, చిత్రభాను, స్వభాను, తారణ మీదుగా పార్థివలో, అంటే 1945లో ముగిసింది. ఈ వరుస ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఒకటే జాగ్రత్త, ఉగాదికి ముందు నెలలు పాత పేరులోకే వస్తాయి. కబురు వచ్చిన నెల వేరు, మనిషి పోయిన నెల వేరు అన్నది కూడా గుర్తు పెట్టుకోండి. మాకు కబురు నాలుగు నెలలు ఆలస్యంగా వచ్చింది. మునసబు కాగితం తెచ్చాడట, కరణం చదివి చెప్పాడట.

పొలం కాగితాలు కూడా చూడాలి. కొన్ని ఊళ్ళల్లో ‘మిలటరీ చేను’ అని పిలిచే భూములు ఉన్నాయి. ఆ పేరు ఎవరి వల్ల వచ్చిందో ఆ చేను వాళ్ళను అడిగితే ఒక్కోసారి కథంతా దొరుకుతుంది. ఒంగోలు, కనిగిరి వైపు క్రైస్తవ కుటుంబాలకు ఇంకో దారి ఉంది. అక్కడ బాప్టిస్టు మిషను 1870ల నుంచే బలంగా ఉంది. సంఘం రిజిస్టర్లలో బాప్తిస్మం, పెళ్ళి నమోదై ఉంటే, ఆ రోజుల్లో పేరు ఇంగ్లీషులో ఎలా రాశారో అక్కడే తెలుస్తుంది.

పేరు, ఊరు, జిల్లా

నేను ఎక్కువ కాలం పోగొట్టుకున్నది ఇక్కడే. ముప్పై ఏళ్ళు ఉత్తరాల మీద అడ్రసులు చదివినవాణ్ణి, అయినా తప్పు చేశాను. మొదటి ఆరు నెలలు ‘ప్రకాశం’ అని వెతికాను. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. 1917లో ఆ పేరే లేదు. అప్పుడు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లాలో ఉన్నాయి. ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడే ముందు ఒంగోలు కూడా నెల్లూరులోదే. మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. మా కందుకూరు 1970లో ప్రకాశంలోకి పోయి, 2022లో మళ్ళీ నెల్లూరుకు వచ్చింది. కాబట్టి ఈనాటి జిల్లా పేరు మరిచిపోయి, మీ ఊరు ఆనాడు ఏ తాలూకా, ఏ జిల్లా అన్నది చూసుకోండి. రికార్డులో ‘ఫలానా వాళ్ళ కొడుకు, ఫలానా ఊరు, కందుకూరు, నెల్లూరు, మద్రాసు’ అన్న వరుస ఉంటుంది. ‘ఆంధ్ర’ అన్న మాట ఎక్కడా ఉండదు.

పేరు సంగతి ఇంకా కష్టం. మన ఇంటిపేరు సైన్యం రికార్డుల్లో సాధారణంగా ఉండదు. మనిషి పేరు ఒక్కటే, అదీ ఇంటిపేరు రాయాల్సిన గడిలో పడి ఉంటుంది. అందుకని వెతికేటప్పుడు మీ ఇంటిపేరు కొట్టకండి. అసలు పేరునే ఇంటిపేరు గడిలో కొట్టండి. రాసుకున్న గుమాస్తా తెలుగువాడు కాకపోతే చివర్లు మారిపోతాయి. అయ్య సామి అవుతుంది, రాయుడు రాయలు అవుతుంది, రాముడు రాములు అవుతుంది. అయ్యను ఇంగ్లీషులో ఐ, ఏ, హెచ్ అని రాసేవాళ్ళు ఉన్నారు, ఏ, వై, వై, ఏ అని రాసేవాళ్ళు ఉన్నారు. ‘వ’కు వీ పెట్టవచ్చు, డబ్ల్యూ పెట్టవచ్చు. ‘ఉ’కు యూ పెట్టవచ్చు, రెండు ఓలు పెట్టవచ్చు. మా పెద్దతాత పేరు చివర మేము అయ్య అంటాం, బిళ్ళ మీద సామి అని ఉంది. బిళ్ళ చూడకపోయి ఉంటే నాకు ఎప్పటికీ దొరికేవాడు కాదు. ఒక నోటుబుక్కులో మీకు తోచిన స్పెల్లింగులన్నీ రాసుకుని, చూసినవి కొట్టేసుకుంటూ పోండి. నాకు పద్నాలుగు వచ్చాయి.

ఊరి పేరుకూ అంతే. గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాశాడు. ‘పాలెం’ అన్నది ‘పాళయం’ అయి ఉండవచ్చు. తాలూకా, జిల్లా పేర్లు మాత్రం ఆఫీసుల్లో వాడే పేర్లు కాబట్టి అంతగా మారవు. వాటితోనే వెతకడం మేలు.

ఎక్కడ వెతకాలి

ముందుగా చూడాల్సింది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్. ఈ సంస్థ 1917 మే నెలలో మొదలైంది. రెండు యుద్ధాల్లో చనిపోయిన దాదాపు 17 లక్షల మంది వివరాలు ఇక్కడ ఉన్నాయి. రూపాయి కట్టనక్కర్లేదు. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, పేరు వెతికిపెడతానని నా దగ్గర ఒకాయన పదిహేను వేలు అడిగాడు, సగం ఇచ్చాను కూడా. ఆయన చివరికి పంపింది ఇదే సైట్‌లోంచి తీసిన ఎవరిదో వేరే మనిషి కాగితం.

ఈ కమిషన్ చావు ఎలా వచ్చిందని చూడదు. సైన్యంలో ఉండగా చనిపోతే చాలు. గుండు తగిలినా, కలరా వచ్చినా, పడవ మునిగినా ఒకటే. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 దాకా, రెండోదానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా లెక్క. యుద్ధం ఆగింది 1918లో కదా అని అక్కడే ఆపకండి. ఆగిన తర్వాత విషజ్వరంతో పోయినవాళ్ళు కూడా లెక్కలో ఉన్నారు. సేవలో వచ్చిన జబ్బుతో ఇంటికి పంపేస్తే, ఆ గడువు లోపల ఇంటి దగ్గర పోయినవాళ్ళు కూడా దీని కిందికి వస్తారు.

వెతికే పేజీలో యుద్ధం ఎంచుకుని, ఏ దేశపు సేన అన్నచోట ఇండియన్ పెట్టండి. అదనపు సమాచారం అన్న పెట్టెలో మొదట ‘నెల్లూరు’ అని మాత్రమే కొట్టి, తేదీలు మీకు తెలిసిన ఏడాదికి కుదించండి. పేరు ఖాళీగా వదిలేయండి. వచ్చిన పేర్లన్నీ ఒక పట్టికగా దించుకోవచ్చు. దాన్ని ప్రింటు తీసుకుని పెద్దవాళ్ళకు చదివి వినిపించండి. నేను చదువుతూ పోతుంటే మా మేనత్త ‘ఆగు’ అంది. మా ఊరిని ఆ గుమాస్తా రాసిన తీరు నేను కనిపెట్టలేకపోయాను. పైకి చదివితే ఆమె చెవికి తెలిసింది.

నెల్లూరు అని కొడితే రాకపోతే నిరాశ పడకండి. చాలామంది వివరాల్లో తండ్రి పేరు, ఊరు అసలు ఉండవు. అప్పుడు రెజిమెంటు దారిలో రావాలి. మొదటి యుద్ధంలో మన మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ళు ఎక్కువగా మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్‌లోనూ, పయనీర్ పటాలాల్లోనూ, కర్ణాటిక్ పదాతి దళాల్లోనూ చేరారు. 61వ పయనీర్లు 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాలో టాంగా దగ్గర దిగారు. మీ ఇంటి మాటలో ఆఫ్రికా ఉంటే ఆ దారి చూడండి. మా పెద్దతాత సాపరు. రోడ్లు వేయడం, నదుల మీద వంతెనలు కట్టడం వాళ్ళ పని. ఆ పటాలమే ఈనాటి మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, బెంగళూరులో అల్సూరు చెరువు పక్కన ఉంది.

పంజాబువాళ్ళకు ఒక సౌకర్యం వచ్చింది. లాహోరు మ్యూజియంలో దొరికిన పాత రిజిస్టర్లలోంచి సుమారు 3,20,000 మంది సైనికుల వివరాలు ఊరివారీగా 2021లో ఆన్‌లైన్‌లో పెట్టడం మొదలుపెట్టారు. అవి పంజాబు జిల్లాలవి, మనవి కావు. అది చూసినప్పుడల్లా నాకు కడుపులో తిప్పినట్టు ఉంటుంది. మన నెల్లూరు జిల్లా ఊళ్ళకు కూడా అలాంటి పట్టిక ఒకటి ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను.

మెసపటోమియాలోని కుట్ ఊరి ముట్టడిలో చిక్కి 1916 ఏప్రిల్ 29న తుర్కులకు లొంగిపోయిన దండులో మీ మనిషి ఉన్నాడనిపిస్తే, ఆ యుద్ధఖైదీల కాగితాల కోసం అంతర్జాతీయ రెడ్‌క్రాస్ పెట్టిన ఆన్‌లైన్ జాబితాలు చూడండి. ఆ ఖైదీల్లో ఎంతోమంది నడకలోనూ, క్యాంపుల్లోనూ జబ్బుతో, ఆకలితో పోయారు.

పేరు దొరికాక

దొరికిన కాగితంలో నంబరు, హోదా, పటాలం, చనిపోయిన తేదీ, స్మారకం పేరు ఉంటాయి. చావుకు కారణం ఉండదు. మాది 1917 జులై, బస్రా మెమోరియల్ అని వచ్చింది. మెమోరియల్ అంటే సమాధి కాదు. సమాధి తెలియనివాళ్ళకు, దహనం చేసినవాళ్ళకు కలిపి కట్టిన స్మారకం. బస్రా స్మారకం 40,500 మందికి పైగా సైనికులది. మొదట షత్-అల్-అరబ్ నది ఒడ్డున ఉండేది, 1997లో ఊరి బయట నాసిరియా రోడ్డు మీద 32 కిలోమీటర్ల అవతలికి మార్చారు.

ఇప్పుడు చెప్పేది చదివే ముందు కాస్త మనసు గట్టి చేసుకోండి. ఆ గోడల మీద బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు. మనవాళ్ళలో ఆఫీసర్ల పేర్లే చెక్కారు. మామూలు సిపాయిలను పటాలం పేరు కింద ఇంతమంది అని అంకె వేశారు. మా పెద్దతాత పేరు పుస్తకంలో ఉంది, రాతి మీద లేదు. ఇరాక్‌లోనే అమారా ఊళ్ళో ఎడమ ఒడ్డు ఇండియన్ శ్మశానంలో దాదాపు 5,000 మంది మనవాళ్ళు ఉన్నారు. అందులో పేరు తెలిసినవాళ్ళు తొమ్మిది మంది. సైన్యం ఎవరిని ఎక్కడ పూడ్చారో సరిగా రాసి పెట్టలేదు. 2021లో ఆ కమిషనే తాను మనవాళ్ళకూ, ఆఫ్రికావాళ్ళకూ సమానంగా చేయలేదని నివేదికలో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. మీ మనిషి పేరు అసలు జాబితాలోనే లేకపోతే, లేదా తప్పు ఉంటే, ఆధారాలతో వాళ్ళకు రాయవచ్చు. బిళ్ళ ఫోటో, మెడల్ అంచు ఫోటో, పాత ఉత్తరం ఏదున్నా జతచేయండి. ఇంటి మాట ఒక్కటే పంపితే చాలదు.

జబ్బు ఏదో తెలుసుకోవడం అన్నిటికంటే కష్టం. లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో పటాలాల యుద్ధ డైరీలు ఉన్నాయి. డబ్ల్యూ ఓ 95 అన్న వరుసలో మెసపటోమియావి చాలా వరకు స్కాన్ చేసి పెట్టారు. వాటిలో సిపాయి పేరు ఉంటుందని ఆశ పెట్టుకోకండి. ‘ఇవాళ ఇంతమందిని ఆసుపత్రికి పంపాం’ అని అంకెలే ఎక్కువ. అయినా చదవండి. మీ మనిషి పోయిన నెలలో పటాలం ఎక్కడ ఉంది, ఏం పని చేస్తోంది, ఎండ ఎంత, ఏ జబ్బు తిరుగుతోంది అన్నది తెలుస్తుంది. మా అమ్మాయి బెంగళూరు నుంచి ఆ పేజీలు దించి పంపితే, భూతద్దం పెట్టుకుని రెండు వారాలు చదివాను. చేతిరాత. ఆ వేసవిలో వాళ్ళు చేసింది రోడ్డు పని. ఆసుపత్రికి పోయినవాళ్ళ పక్కన ఎక్కువసార్లు కనిపించిన మాట డిసెంట్రీ. నెత్తురు బేదులే.

ఏడాది చూసి మాట్లాడటం నేర్చుకోండి. మెసపటోమియాలో 1915 చివర నుంచి 1916 దాకా వైద్యం అన్యాయంగా ఉంది. స్ప్రింగులు లేని బండ్లలో గాయపడ్డవాళ్ళను తోలుకొచ్చారు, పడవల మీద జబ్బు మనుషులను కిక్కిరిసి పడుకోబెట్టారు, మందులు చాలలేదు. కూరగాయలు లేక మన సిపాయిలకు చిగుళ్ళు వాచి నెత్తురు కారే స్కర్వీ వచ్చింది. దీని మీద వేసిన మెసపటోమియా కమిషన్ నివేదిక 1917లో బయటికి వచ్చాక, ఇండియా వ్యవహారాల మంత్రి ఆస్టిన్ చాంబర్లేన్ రాజీనామా చేశాడు. 1917 నాటికి ఆసుపత్రులు చాలా మెరుగయ్యాయి. కానీ ఆ జులై ఎండ ఎవరి చేతిలోనూ లేదు. ఆ నెల రమాది ఊరి మీదికి పోయిన దండులో పడిపోయినవాళ్ళలో సగానికి పైగా వడదెబ్బ తగిలినవాళ్ళే. మా పెద్దతాతను ఎవరూ పట్టించుకోలేదని ఇంట్లో అనుకునేవాళ్ళం. ఇప్పుడు నేను అలా అనను. ఆయన ఆసుపత్రి మంచం మీద పోయి ఉండవచ్చు, పక్కన మన భాష తెలిసినవాడు ఒకడు ఉండి ఉండవచ్చు. మా ఊరి పక్క ఊరివాడు ఒకడు తిరిగి వచ్చి బేదుల సంగతి చెప్పాడంటే, ఎవరో ఒకరు చూశారు కదా.

రెండో యుద్ధం వాళ్ళకు

ఇది కొంచెం తేలిక. పేర్లు రాతి మీద చెక్కి ఉన్నాయి. బర్మాలో సమాధి తెలియకుండా పోయినవాళ్ళకు రంగూన్ మెమోరియల్, దాదాపు 27,000 పేర్లు. మలయా, సింగపూరు వైపు పోయినవాళ్ళకు క్రాంజిలో సింగపూర్ మెమోరియల్, 24,000కు పైగా. దహనం చేసిన హిందూ, సిక్కు సైనికులకు ఇంఫాల్ లాంటి చోట్ల విడిగా దహన స్మారకాలు ఉన్నాయి. 1943లో బర్మా ముఖాన గాయంతో వెనక్కి తెచ్చిన ఒక్కొక్కరికి 120 మందిని జబ్బుతో తెచ్చారని అక్కడి సైన్యాధిపతి జనరల్ స్లిమ్ లెక్క చెప్పాడు. మలేరియానే ఎక్కువ.

సైనికుడి నంబరు తెలిస్తే ఆ శాఖ రికార్డు ఆఫీసుకు రాయండి. మద్రాస్ రెజిమెంటుకు నీలగిరుల్లో వెల్లింగ్టన్, ఇంజనీర్లకు బెంగళూరు, వైద్య దళానికి లక్నో. ఒంగోలు, నెల్లూరుల్లోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే ఏ అడ్రసుకు రాయాలో చెప్తారు. ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు జాగ్రత్త చేయండి. నంబరు, పేరు, పటాలం, మీకు ఆయన ఏమవుతాడో మొదటి నాలుగు లైన్లలోనే రాయండి. బాధ అంతా ఆ తర్వాత రాయండి. ఒక ఆఫీసులో నన్ను 1917 నాటి డెత్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. అలాంటప్పుడు వాదన పెట్టుకోకుండా కమిషన్ సైట్‌లో దొరికే కాగితం ప్రింటు తీసి ఇవ్వండి.

తిథి, రాయి

మా ఇంట్లో పెద్దతాతకు తిథి లేదు. ఎప్పుడు పోయాడో తెలియదు కాబట్టి మహాలయ అమావాస్య నాడు అందరితో పాటు ఒక ముద్ద పెట్టేవాళ్ళం. తేదీ దొరికాక నేను మా ఊరి అయ్యవారి దగ్గరికి పోయాను. ఆయన 1917 పంచాంగం ఫోన్‌లోనే తీసి, ఆషాఢ బహుళంలో తిథి చెప్పాడు. పోయిన ఏడాది మొదటిసారి ఆ తిథికి తద్దినం పెట్టాం. మా మేనత్తకు తొంభై దాటాయి, పెళ్ళి చేసుకోకుండా పోయిన మనిషికి కొడుకు లేడు కదా అని ఇన్నేళ్ళూ ఆమెకు బెంగ. మా తమ్ముడి కొడుకు కర్త కూర్చున్నాడు. మీకు తేదీ దొరికితే ఇది మరిచిపోకండి. మీ పద్ధతి ఏదైతే అది చేయండి, తేదీ మాత్రం మీ ఇంటి పుస్తకంలో రాసుకోండి.

తర్వాత మా చేను గట్టున చిన్న రాయి వేయించాను. చీమకుర్తి నల్ల రాయి, రెండడుగులు. అక్షరాలు చెక్కేవాడు ‘వీరమరణం అని పెడదామా సార్?’ అన్నాడు. వద్దన్నాను. మీరు కూడా రాయి వేయించినా, పటం కట్టించినా, తెలిసిన మాట, విన్న మాట కలపకుండా రాయండి. మాది ఇలా ఉంది:

‘ఈ ఊరి నుంచి మద్రాసు సాపర్లలో చేరి, సముద్రం దాటి మెసపటోమియా వెళ్ళాడు. రోడ్లు వేశాడు. 1917 జులైలో అక్కడే చనిపోయాడు. నెత్తురు బేదుల జబ్బుతో పోయాడని మా ఇంటి పెద్దల మాట. బస్రా స్మారకంలో లెక్కగా ఉన్న ఈయన పేరు ఇది.’

దాని కింద పేరు రెండు రకాలుగా చెక్కించాను, మేము పిలిచినట్టు ఒకటి, వాళ్ళు రాసుకున్నట్టు ఒకటి. రేపు మా మనవడు ఎప్పుడైనా వెతికితే రెండూ కావాలి.

కంచు బిళ్ళను మళ్ళీ దేవుడి గూట్లోనే పెట్టాం. మ్యూజియానికి ఇమ్మని ఒకరిద్దరు అన్నారు, మా ఇంటావిడ ఒప్పుకోలేదు. శుక్రవారం పూజ ఆగలేదు. కుంకుమ మాత్రం ఇప్పుడు సింహం నుదుట పెడుతోంది, పేరున్న చోటు వదిలేసి.